కుడివైపు పథ్యం

సూది గుచ్చడం అయిపోయింది. మొద్దుబారడానికి కాసేపు పడుతుందని చెప్పి డాక్టరమ్మ పక్క గదిలోకి వెళ్ళింది. కుర్చీ బాగా వెనక్కి వాలి ఉండడంతో విశాలాక్షికి ఇప్పుడు కనిపించేదల్లా పైకప్పు, ఆ పైకప్పుకి ఎవరో అతికించిన చెట్ల ఫొటో. నోరు తెరుచుకుని పడుకునేవాళ్ళ కళ్ళకి కూడా ఏదో ఒక పని ఉండాలని కాబోలు. ఫొటోలో చెట్లు ఎర్రగా పసుప్పచ్చగా నిండుగా ఉన్నాయి. కిటికీ అవతల మాత్రం నవంబరు నెల, ఈ కనాటా ఊళ్ళో ఆకులన్నీ ఎప్పుడో రాలిపోయాయి, మంచు పడదామా వద్దా అని ఆలోచించుకుంటున్నట్టు నాలుగు పలుకులు రాల్చి ఆగుతోంది. ఎడమ పెదవి మెల్లగా తనది కాకుండా పోతోంది. ముందు పెదవి అంచు, తర్వాత గడ్డం, ఆ తర్వాత నాలుకలో సగం, ఒక్కొక్కటే చెప్పి వెళ్ళిపోతున్నాయి. ఎడమవైపు కింది దవడపన్ను పగిలింది. రెండు వైపులా ఎక్స్‌రేలు తీశారు. డాక్టరమ్మ వాటిని చూసి వచ్చి చెప్పాల్సింది ఒక్కటే మాట, ఉంచుతుందా, పీకేస్తుందా. ఉంచితే పైన తొడుగు వేస్తారు. పీకేస్తే ఇక దేనితో నమలాలి? కుడివైపు పళ్ళు లేక కాదు. ఉన్నాయి, రెండు, ఎముకలోకి మరలు బిగించి వాటి మీద నిలబెట్టినవి, పక్కనున్న సొంత పళ్ళకన్నా తెల్లగా ఉంటాయి. కానీ వాటితో నమలకూడదు. పదకొండేళ్ళుగా నమల్లేదు. కాబట్టి ఉన్నది ఎడమ ఒక్కటే, ఆ ఎడమే ఇప్పుడు సూది మందులో మునిగి తన గతి ఏమిటో వినడానికి ఎదురు చూస్తోంది.

“టెన్షన్ పెట్టుకోకండి ఆంటీ,” అంది సాత్విక పొద్దున ఇక్కడికి వచ్చేటప్పుడు కారు నడుపుతూ. “పీకితే పీకుతరు, ఉంచితే ఉంచుతరు. ఒకవేళ పీకిన్రంటే మాత్రం ఆ చెగోడీల డబ్బా కిందికి పంపాలె. మీకెట్లాగూ పనికిరాదు కద.” ఆ పిల్లకి లైసెన్సు వచ్చి నెల కాలేదు, స్టీరింగుని రెండు చేతులా దేవుడి పటంలా పట్టుకుంటుంది, కానీ మాటలకి మాత్రం బ్రేకు వెయ్యదు. జగిత్యాల దగ్గరి పిల్ల. ఇక్కడ కాలేజీలో చదువుతూ విశాలాక్షి వాళ్ళ బేస్‌మెంట్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో ఉంటోంది. ఈ రెండేళ్ళలో ఎంతమంది వచ్చారో! ఇదివరకు బస్సులో తెలుగు మాట వినిపిస్తే విశాలాక్షి వెనక్కి తిరిగి చూసేది, ఇప్పుడు తిరగాలంటే మెడ పట్టేస్తుంది. కింద నలుగురు నడుస్తుంటే పైన వంటింట్లో తెలుస్తుంది, ఎవరు షిఫ్టుకి వెళ్తున్నారో, ఎవరు వచ్చి బూట్లు విప్పుతున్నారో, కుక్కరు ఎవరిదో. ఆ చప్పుళ్ళు ఆవిడకి ఇష్టం. కొడుకు బన్నీ వాంకూవర్లో ఉద్యోగంలో చేరాక ఇల్లు చాలా శుభ్రంగా ఉండేది, శుభ్రంగా ఉన్న ఇంట్లో ఏం చెయ్యాలో ఆవిడకి తెలిసేది కాదు. ఈ పిల్లలు వచ్చాక మళ్ళీ మూకుళ్ళు దిగాయి, దీపావళికి చెగోడీలు వండింది. వండుతూ ఒకటి నోట్లో వేసుకుంది, అలవాటుగా ఎడమవైపుకి తోసింది, టక్కుమంది. చెగోడీ భలే గుల్లగా వచ్చిందని సంతోషపడింది కూడా. మర్నాడు కాఫీ తాగుతుంటే తెలిసింది ఆ చప్పుడు చెగోడీది కాదని.

నాలుక ఇప్పుడు పూర్తిగా సగమైపోయింది. కుడి సగం ఎడమ సగాన్ని తడిమి చూసి, ఇదెవరిదీ అన్నట్టు వెనక్కి వస్తోంది. విశాలాక్షి పనిచేసే డేకేర్‌లో చిన్న పిల్లల గదిలో పిల్లలు ఇలాగే చేస్తారు, మొదటి పన్ను చిగురు చీల్చుకుని వచ్చినప్పుడు నాలుకతో మాటిమాటికీ తడిమి చూసుకుంటారు, కళ్ళు పెద్దవి చేసుకుని, నోట్లోకి చెప్పాపెట్టకుండా ఎవరో వచ్చి కూర్చున్నట్టు. రోజంతా రబ్బరు బొమ్మల్ని కొరుకుతారు. కొరకడానికేగా వచ్చింది పన్ను! ఆ గదిలో ఆవిడ చేతి మీదుగా ఎన్ని పళ్ళు మొలిచాయో. తన పళ్ళు మాత్రం బన్నీ పుట్టిన మరుసటేడే రెండు పోయాయి, కుడివైపు కింద, ఒకదాని తర్వాత ఒకటి. అప్పుడే ఈ దేశం వచ్చారు, భర్త అచ్యుత్‌కి కొత్త ఉద్యోగం, చలి కొత్త, చంటిపిల్లాడు కొత్త, పంటి గురించి ఎవరికి పట్టింది. పోతే పోయాయిలే, లోపలి పళ్ళు, నవ్వితే కనిపించవు అనుకుంది. కనిపించని చోట ఎముక కరిగిపోతుందని ఎవరూ చెప్పలేదు. పన్ను ఉన్నంతకాలం ఎముక ఉంటుందట. పన్ను పోయాక ఇంక ఎవరి కోసం ఉండాలి అనుకుంటుందో ఏమో, యేటికేడాదీ కాస్త కాస్త తగ్గిపోతుంది. చాలా ఏళ్ళ తర్వాత ఇంప్లాంట్లు పెట్టించుకుందామని వెళ్తే, అప్పటి పెద్ద డాక్టరు, తెల్లని కనుబొమలాయన, ఎక్స్‌రేని దీపానికి ఎదురుగా పెట్టి పెన్నుతో చూపించాడు. ఇదిగో ఇక్కడ నరం పోతోంది, దాని మీద మీకు మిగిలిన ఎముక ఇంతే, పొడవైనవి పెడితే నరానికి తగులుతాయి, పెదవి ఎప్పటికీ మొద్దుగానే ఉండిపోవచ్చు. అందుకని రెండు దారులు. ఎముక పొడి తెచ్చి అక్కడ పోసి, అది గట్టిపడేదాకా నెలల తరబడి ఆగి, పొడవైనవి పెట్టడం. లేదా ఉన్న ఎముకలోనే పొట్టివి పెట్టడం.

“ఎముక పొడా, ఎవరి ఎముక?” అని అడిగింది విశాలాక్షి. అచ్యుత్ ఆ ప్రశ్నని ఇంగ్లీషులో అడగడానికి కొంచెం మొహమాటపడ్డాడు. డాక్టరు ఏ మొహమాటమూ లేకుండా చెప్పాడు, ఎక్కువగా ఆవుది వాడతామని. శుభ్రం చేసిందే, చాలామందికి పెడతాం, ఏ ఇబ్బందీ ఉండదు అని కూడా చెప్పాడు. ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. కానీ విశాలాక్షి కుర్చీలో అప్పటికే నిటారుగా లేచి కూర్చుంది. గోమాతని దవడలో పెట్టుకుని గోంగూర తినమంటారా అంది తెలుగులో. అచ్యుత్ దగ్గాడు. ఏమంటున్నారు అన్నాడు డాక్టరు. పొట్టివే పెట్టమంటోంది అన్నాడు అచ్యుత్. అలా వచ్చాయి ఆ రెండూ. పెట్టేముందు ఒకటి అరచేతిలో పెట్టి చూపించాడాయన, చిటికెన వేలి గోరు కన్నా పొట్టిగా ఉంది. పొట్టివి పెట్టడం మొదలుపెట్టి మరీ ఎక్కువ కాలం కాలేదు, బాగానే నిలబడుతున్నాయి, పదేళ్ళ తర్వాత ఎలా ఉంటాయో మేమూ చూస్తూనే ఉన్నాం అన్నాడు. ఆ మాట విశాలాక్షి మనసులో నాటుకుపోయింది. పాపం, పొట్టివి. పొడవైనవైతే లోపలికి దిగి పట్టుకుంటాయి, ఇవి దేన్ని పట్టుకుంటాయి? నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని చూసుకున్నట్టు చూసుకోవాలి వీటిని అనుకుంది. ఇంటికొచ్చాక అచ్యుత్ బన్నీకి ఎక్స్‌రే చూపించి, “మీ అమ్మకి స్క్రూ లూజు అవకుండా రెండు గట్టిగా బిగించార్రా,” అన్నాడు. “కూల్! మామ్ ఈజ్ ఎ రోబో!” అన్నాడు బన్నీ. వాడికి అప్పుడు పన్నెండేళ్ళో పదమూడేళ్ళో, బడిలో అందరికీ చెప్పాడు కూడా.

నమలకూడదన్న మాట ఎప్పుడు వచ్చింది? పెట్టిన రోజే. బుగ్గ నిండా దూది, కళ్ళ నిండా మత్తు, కారులో వస్తూ అచ్యుత్ చెప్పాడు, “ప్రస్తుతానికి కుడివైపు నమలొద్దన్నాడు, విశాలా.” దూది మధ్యలోంచే అడిగింది, ఎన్నాళ్ళండీ అని. అది ఎన్నాల్లంలీ అన్నట్టు వచ్చింది. అచ్యుత్‌కి అప్పుడే ఫోను మోగింది. ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్న రోజులవి, ఏ ఫోను మోగినా గుండె జారేది. “ఆయనే చెబుతాడులే, చెప్పేదాకా ఆగు,” అని ఫోను ఎత్తాడు. అంతే. విశాలాక్షి ఆగింది. ఆగడం ఆవిడకి కష్టమైన సంగతి కాదు. దానికి ఆవిడ దగ్గర ఒక మాట ఉంది, పథ్యం. మందు వేసినవాడు పథ్యం చెబుతాడు, మందు వేసినవాడే పథ్యం విడిపిస్తాడు, మధ్యలో రోగికి మాట్లాడే హక్కు లేదు. తుని దగ్గర వాళ్ళ ఊళ్ళో చిన్నప్పుడు ఆవిడకి పచ్చకామెర్లు వస్తే వీర్రాజుగారని ఆకుపసరు ఇచ్చే ఆయన వచ్చి, ఉప్పు వద్దు, నూనె వద్దు, నేను మళ్ళీ వచ్చి చెప్పేదాకా అన్నాడు. చెప్పి, కూతురి పురిటికని విజయనగరం వెళ్ళిపోయాడు. అక్కడ మనవడు పుట్టాడు, మనవడికి జలుబు చేసింది, అల్లుడికి జ్వరం వచ్చింది, ఆయన అక్కడే ఉండిపోయాడు. ఇక్కడ విశాలాక్షి కళ్ళు తెల్లబడ్డాయి, ఒంట్లోకి ఓపిక వచ్చింది, గోడలెక్కి దూకుతోంది, అయినా అమ్మ ఉప్పులేని చప్పిడి అన్నమే పెట్టింది. పిల్ల బాగుందిగా అని పక్కింటావిడ అంటే, బాగుందో లేదో చెప్పడానికి నేనెవరిని అంది అమ్మ. వీర్రాజుగారు తిరిగొచ్చి సంగతి విని తల పట్టుకుని, “అమ్మా, నేను చచ్చిపోయుంటే ఏం చేసేవారు?” అన్నాడు. ఆ మాటకి ఇంట్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు. మాటంటే మాటే అనేది.

కాబట్టి కుడివైపు పథ్యంలో పెట్టడం విశాలాక్షికి ఒక బాధ అనిపించలేదు. కొన్నాళ్ళకి అది గుర్తే లేకుండా పోయింది, ముద్ద నోట్లోకి వెళ్ళగానే నాలుక దాన్ని తనంతట తనే ఎడమకి పంపేది. నెమ్మదిగా తినడం అలవాటైంది. పెళ్ళి భోజనాల్లో, తెలుగు సంఘం విందుల్లో ఆవిడ అందరికన్నా చివర లేచేది. విశాలాక్షిగారు ఎంత పద్ధతిగా తింటారో చూడండి, మన పిల్లలు మింగేస్తారు, అని ఒకావిడ అందరి ముందూ మెచ్చుకుంది. ఒక దవడకి ఒక్కో మెతుకూ క్యూలో నిలబడితే పద్ధతి రాక ఏం వస్తుంది. ములక్కాడ ముక్కలు రెండుకి మించి వేసుకునేది కాదు. వేరుశనగలు దంచి పెట్టుకునేది. అయినా ఏ రుచీ వదులుకోలేదు, సగం దారిలో వెళ్ళినా చేరే చోటు అదేగా. ఇప్పుడు ఆ సగం కూడా పోతే? పైకప్పు మీది ఎర్ర చెట్లని చూస్తూ విశాలాక్షి అత్తగారిని తలుచుకుంది. చివరి రోజుల్లో ఆవిడ తాంబూలాన్ని చిన్న రోట్లో దంచుకుని నోట్లో పెట్టుకునేది. దంచుతున్నంతసేపూ మొహం వెలిగిపోయేది, నోట్లో పెట్టుకున్నాక ఆరిపోయేది. నమలడం అనే పని రోలు చేసేస్తే నోటికి ఇంకేం మిగిలింది అని అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. మెత్తగా చేసుకుని తినొచ్చు. పప్పూ అన్నం, పెరుగూ అన్నం, మిక్సీ ఉంది. బతకొచ్చు. కానీ కింద పిల్లలకి కారప్పూస వత్తి, వేగిందో లేదో ఒకటి కొరికి చూడకుండా డబ్బాలో పొయ్యగలదా? కొరికి చూడని వంట వంటేనా? ఈ ఆలోచన దగ్గర గుటక వేస్తే సగం గొంతే మింగింది.

ఇలాంటి చిన్న విషయానికి ఇంత బెంగేమిటి అని ఎవరైనా అంటారేమో. సాత్విక అనలేదు. పొద్దున పని నుంచి వచ్చి నిద్ర కూడా పోకుండా నేనొస్త అని బయల్దేరింది. గిడ్డంగిలో రాత్రి పని చేస్తోంది ఆ పిల్ల, చదివేది మాత్రం కంప్యూటర్లు. అదేమిటమ్మా అంటే ప్రస్తుతానికి ఆంటీ అంటుంది. మంచం బదులు పరుపు నేలమీద వేసుకుంది, ప్రస్తుతానికి. గదిలో అలమర ఉన్నా బట్టలు సూట్‌కేసులోంచే తీసి సూట్‌కేసులోనే పెడుతుంది, అదీ ప్రస్తుతానికే. ఆ మాట ఈ దేశంలో అడుగుపెట్టిన ప్రతివాళ్ళ నోటా ఉంటుందని విశాలాక్షికి తెలుసు. తామూ అలాగే వచ్చారు. ప్రస్తుతానికి ఈ ఇల్లు, ప్రస్తుతానికి ఈ ఉద్యోగం, నువ్వు ప్రస్తుతానికి హైవే ఎక్కొద్దు విశాలా, చిన్న రోడ్ల మీద నడుపు చాలు. ఇరవై ఏళ్ళయింది, చిన్న రోడ్ల మీదే నడుపుతోంది. బాగానే ఉంది, చిన్న రోడ్ల పక్కన ఇళ్ళుంటాయి, ఇళ్ళ ముందు పూలుంటాయి. దేనికీ లోటు లేదు. అయినా ఆ మాటకి అటు చివర ఏముంటుందో, ఎవరు వచ్చి ఇక చాలు అంటారో…

తలుపు తెరుచుకుంది. డాక్టర్ మొరీరా వచ్చి పక్కన స్టూలు మీద కూర్చుంది. చిన్నావిడ, మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తాయి, నవ్వితే అవి చిన్నవవుతాయి. ఇప్పుడు చిన్నవై ఉన్నాయి. “మంచి కబురు. మీ ఎడమ పన్ను పగులు పైపైనే ఉంది, వేరు దాకా పోలేదు. ఉంచుదాం. ఈ రోజు అరగదీసి ప్రస్తుతానికి ఒక తొడుగు పెడతాను,” అంది ఇంగ్లీషులో. విశాలాక్షి ఊపిరి వదిలింది, సగం పెదవి వల్ల అది ఈల వేసినట్టు వచ్చింది. ఆవిడ నోరు తెరవబోతుంటే డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. “ఒక్క నిమిషం. వీటిని చూడండి.” తెర మీద రెండు పొట్టి మరలు, తెల్లగా మెరుస్తూ, చుట్టూ ఎముక. “ఇవి పెట్టినప్పటి ఎక్స్‌రే పాత ఫైల్లో ఉంది, పక్కపక్కన పెట్టి చూశాను. ఎముక ఎక్కడ ఉందో అక్కడే ఉంది. నేను చదువుకునే రోజుల్లో పొట్టివి నిలబడతాయా అని అందరికీ అనుమానం. ఇప్పుడు పదేళ్ళు దాటినవి చాలా చూస్తున్నాం, బాగానే ఉంటున్నాయి. కానీ ఇంత బాగా, ఇంత కొత్తగా… పైన ఒక్క గీతైనా లేదు.” అద్దం లోపల పెట్టి ఇటూ అటూ చూసింది. ఎడమవైపు పళ్ళు తిరగలి రాయిలా అరిగిపోయాయంది. కుడివైపు షాపులోంచి తెచ్చినట్టు ఉన్నాయంది. తర్వాత అద్దం తీసి అడిగింది. “మీరు ఏ వైపు నమలుతారు?”

విశాలాక్షి ఎడమ చెంప తాకి చూపించింది. ఎందుకని, కుడివైపు నొప్పా అని అడిగితే, లేదంది. మరి? “డాక్టరు వద్దన్నారు,” అంది సగం నాలుకతో. “ఏ డాక్టరు?” పెద్ద డాక్టరు. “ఎప్పుడు?” పెట్టిన రోజు. డాక్టర్ మొరీరా చేతి తొడుగులున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా, “ఎప్పటిదాకా అన్నారు?” అని అడిగింది. ఆయన చెప్పేదాకా, అని చెప్పబోతుంటే ఆ మాట నోటి చివరికి వచ్చి విశాలాక్షికే వినిపించింది, పదకొండేళ్ళలో మొదటిసారి, వేరేవాళ్ళ నోట్లోంచి విన్నట్టు. ఆయన చెప్పాలి. ఆయన మళ్ళీ చెప్పలేదు. చెప్పలేదా? నాలుగు నెలల తర్వాత ఆ మరల మీద పళ్ళు బిగించిన రోజు ఒక్కర్తే వెళ్ళింది, అచ్యుత్‌కి సెలవు దొరకలేదు. ఆయన అంతా చూశాడు, పళ్ళు ఆనుతున్నాయో లేదో చూడడానికి నీలి కాగితం కొరికించాడు, చెయ్యి కలిపాడు. ఇప్పుడు చెబుతాడేమో, ఇక తినవచ్చమ్మా అంటాడేమో అని గుమ్మం దాకా వెళ్ళి ఒక్క క్షణం నిలబడింది కూడా. ఆయన చెయ్యి ఊపి, “ఎంజాయ్!” అన్నాడు. దంతాల ఆసుపత్రిలో ఎంజాయ్ ఏమిటి అనుకుంది ఆవిడ. ఈ ఊళ్ళో అందరూ దేనికైనా అదే అంటారు, ఎండొస్తే ఎంజాయ్, కాఫీ ఇచ్చి ఎంజాయ్, శనివారం ఎంజాయ్. మర్యాదకి అన్నాడనుకుని థాంక్యూ చెప్పి వచ్చేసింది. మరుసటేడు వెళ్తే ఆయన ఆసుపత్రి అమ్మేసి సముద్రం ఒడ్డున ఇల్లు కట్టుకున్నాడన్నారు. పథ్యం విడిపించే మాట ఇంత పొట్టిగా ఉంటుందని ఆవిడకెలా తెలుస్తుంది? పథ్యం అంటే మానెయ్యడమే కాదు కదా, లంఖణాలయ్యాక పెట్టే మొదటి ముద్దని కూడా పథ్యమే అంటారు, అమ్మ బీరకాయ కూర చేసి, చారు కలిపి, పిల్లకి ఈ రోజు పథ్యం పెడుతున్నాం అని వీధంతా చెప్పేది. ఆయన పథ్యం పెట్టాడు. తను లంఖణంలోనే ఉండిపోయింది.

నవ్వు ముందు పొట్టలో మొదలైంది. కుర్చీ కదిలింది. సగం మొహమే నవ్వుతోంది, మిగతా సగం గంభీరంగా ఉంది. అది తలుచుకుంటే ఇంకా నవ్వొచ్చింది, కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఏమైందని కంగారుపడ్డ డాక్టరమ్మకి ముక్కలు ముక్కలుగా చెప్పింది, ఎంజాయ్ అన్న సంగతితో సహా. మాస్కు లోపల ఆవిడ కూడా నవ్వింది, చిన్న కళ్ళు మూసుకుపోయాయి. “అయితే మీ ఇంప్లాంట్లు నిలబడ్డాయని నేనెవరికీ గొప్పగా చెప్పుకోలేను. మీరు వాటికి పనే పెట్టలేదు! ఆ పనంతా ఎడమవైపు ఒక్కత్తే చేసింది, పగలక ఏం చేస్తుంది?” అంది. తర్వాత నవ్వు ఆపి, స్టూలు దగ్గరికి లాక్కుని, ఒక్కో మాటా విడివిడిగా, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పింది. “ఆయన బదులు నేను చెబుతున్నాను. ఈ రోజు నుంచి కుడివైపు నమలండి.” సన్నని నీలి కాగితం ఒకటి కుడివైపు పెట్టి కొరకమంది. విశాలాక్షి కొరికింది. టక్, టక్, టక్. విచిత్రంగా అక్కడ ఏమీ తగిలినట్టు లేదు, ఒత్తుకున్నట్టు లేదు, చప్పుడు మాత్రం వచ్చింది, ఎవరో లోపలి గదిలో తలుపు తట్టినట్టు. తాకినట్టు లేదేమని అడిగింది. “సొంత పన్నుకి వేరు చుట్టూ సన్నని దారాల్లాంటివి ఉంటాయి, తగిలిన సంగతి అవి చెబుతాయి. వీటికి అవి ఉండవు. ఇవి నేరుగా ఎముకకే అతుక్కున్నాయి, అందుకని మీకు ఎక్కువగా చప్పుడే తెలుస్తుంది,” అంది డాక్టర్ మొరీరా.

ఎడమ పన్నుకి తొడుగు పెట్టడం అయిపోయేసరికి కిటికీ అవతల మంచు ఒక నిర్ణయానికి వచ్చింది, నిదానంగా, పెద్ద పెద్ద పలుకులుగా పడుతోంది. ప్రస్తుతానికి ఎడమవైపు గట్టివి వద్దంది డాక్టరమ్మ. విశాలాక్షి కుర్చీలోంచి దిగి, కోటు వేసుకుని, బొత్తాములు పెట్టుకుని, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అడిగింది. “ఎప్పటిదాకా?” రెండు వారాలని చెప్పింది ఆవిడ, అసలు తొడుగు వచ్చేదాకా. పథ్యానికి ఒక అంచు ఉంటే ఎంత తేలిగ్గా ఉంటుందో అని విశాలాక్షికి ఆశ్చర్యం వేసింది.

సాత్విక కారులో సీటు వెనక్కి వాల్చి పడుకుని ఉంది, అద్దం మీద తడితే ఉలిక్కిపడి లేచింది. సంగతంతా విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, చెయ్యి దాటి నవ్వొచ్చింది. “అయ్యో ఆంటీ! పదకొండేండ్లు బెంచ్ మీద కూసోబెట్టిన్రా వాటిని? మా సీనియర్లు కంపెనీల పని లేక బెంచ్ మీద మూడు నెలలుంటేనే ఏడుస్తరు!” అంది. “గూగుల్ల చూస్తే అయిపోవు కద? పోనీ మమ్మల్ని అడిగినా అయిపోవు.” మందు వేసినవాణ్ణి వదిలేసి గూగుల్ని అడుగుతారా ఎవరైనా, అంది విశాలాక్షి, మాటలు ఒక పక్కకి జారుతుంటే. “అంకుల్‌కి చెప్తిరా?” చెప్పలేదు. చెబితే ఏమంటాడో తెలుసు, నేనెప్పుడన్నాను అంటాడు, అసలు అన్న సంగతే గుర్తుండదు, అది సాయంత్రం చూసుకోవచ్చు. కారు నిండా ఏదో వాసన. తియ్యగా, కొంచెం పచ్చిగా, హీటరు వేడికి ఇంకా విరబూస్తూ. సాత్విక వెనక సీటు మీంచి గోధుమరంగు సంచీ తీసింది. పక్కన ఇండియన్ షాపుకి పోయిన ఆంటీ, నిద్రొస్తలేదని, జామపండ్లు కనవడ్డయి, వాసనకే ఆగలేకపోయిన అంది. దోరగా ఉన్నాయి, లేత పసుపులోకి తిరుగుతూ. సీసాలో నీళ్ళతో ఒకటి కడిగి, టిష్యూతో తుడిచి, టిఫిన్ డబ్బాతో వచ్చిన ప్లాస్టిక్ చాకుతో చీల్చడానికి కుస్తీ పట్టింది. చివరికి ఒక పలుచని ముక్క వచ్చింది, లోపల గులాబీ రంగు, నడుమ గింజలు.

విశాలాక్షి దాన్ని కుడి పెదవి వైపు నుంచి లోపలికి పెట్టుకుంది. నాలుక వెంటనే తన పని తను చేసింది, ముక్కని ఎడమకి తోసింది. అక్కడ మొద్దుబారిన గోడ, కొత్త తొడుగు, రెండు వారాల పథ్యం. నాలుక కాసేపు తికమకపడింది. ఆవిడ తొందరపెట్టలేదు. బొమ్మని మరో చేతిలోకి మార్చుకోవడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల్ని చూసినట్టు ఓపిగ్గా చూసింది. ముక్క మెల్లగా, దారి అడుగుతూ, కుడివైపుకి వచ్చింది. కింద రెండు పొట్టివి, పైన ఇన్నేళ్ళూ ఏమీ నమలని సొంత పళ్ళు. ఒక్కసారి నొక్కింది. మెత్తదనం తెలియలేదు. పులుపూ తీపీ నాలుక సగానికి తెలిశాయి. తర్వాత గింజలు, ఒకటి, రెండు, ఒక్కసారి నాలుగైదు, ఎముకలోంచి నేరుగా కుడి చెవిలోకి. ఎడమ చెవి ఇన్నేళ్ళూ విన్న చప్పుడే అది, కానీ గది మారిన మనిషి గొంతులా కొత్తగా ఉంది. సాత్విక తాళంచెవి తిప్పబోతూ ఆగి ఆవిడ మొహంలోకి చూసింది.

“ఎట్లుంది ఆంటీ? నొస్తుందా? ఏమన్న చెప్పండి!”

విశాలాక్షి చెయ్యి ఎత్తి, ఇంకా నములుతూనే, “ఉండవే,” అంది, “విననీ.”